దావీదు మామ తెచ్చిన చేపలు

మా మేనత్త కరుణమ్మకు ఎనభై నిండాయి. కాజీపేటలో, మామ రిటైరయ్యాక కట్టుకున్న ఇంట్లో, కింది రెండు గదుల్లో ఉంటుంది. పోయిన నెల ఒక ఆదివారం చర్చి నుంచి వస్తూ నా మోచేయి పట్టుకుని, "శామూ, నాకో చేపల తొట్టి కొనియ్యిరా. ఇల్లు మరీ సప్పుడు లేకుండ అయింది," అంది. చేపలు సప్పుడు చేయవత్తా అన్నాను. "చెయ్యకపోతే ఏమాయె, కదులుతయి గద. ఇప్పుడు ఇంట్ల కదిలేది గడియారం ముల్లు ఒక్కటే," అంది. దావీదు మామ పోయి అప్పటికి ఆరు నెలలు.

అలా ఇద్దరం ఆటో ఎక్కి హనుమకొండలో ఒక చేపల దుకాణానికి వెళ్ళాం. దుకాణం నడిపేది పాతికేళ్ళ అమ్మాయి. ఒక చెవిలో ఇయర్‌ఫోను, రెండో చెవి గిరాకీ కోసం. గోడల నిండా అద్దాల తొట్లు, వాటిలో నీలం వెలుతురు, సన్నగా బుడగలు. అత్త ఒక్కో తొట్టి ముందూ ఆగి, చీర దుకాణంలో అంచు పట్టి చూసినట్టు కళ్ళద్దాలు జరుపుకుంటూ చూస్తోంది. పసుపు ఒంటి మీద నల్ల చారలున్న చేపలు ఒకదాన్నొకటి తరుముకుంటున్న తొట్టి దగ్గర మాత్రం టక్కున ఆగిపోయింది.

"ఇవ్వి మాత్రం వద్దు బిడ్డా. ఇవి వట్టి రౌడీలు. మా ఆయన పెండ్లికి ముందట గిసొంటియే రెండు తెచ్చి, నా ఏంజెల్ చేప తొట్టిల ఏపిచ్చిండు. వారం దినాలల్ల దాని రెక్కలన్నీ పీక్క తిన్నయి. గంత పెద్ద గూడ్సు బండికి జెండా ఊపెటోనికి, ఏ చేప ఏ చేపతోని ఉంటదో తెల్వకపాయె," అంది.

ఆ అమ్మాయి నవ్వింది. అలవాటు కొద్దీ నేనూ నవ్వాను. దాదాపు యాభై ఏళ్ళుగా మా ఇంట్లో ఈ మాట వినబడినప్పుడల్లా నేను నవ్వుతూనే ఉన్నాను. ఆ మాట అబద్ధమని లోకంలో ఇద్దరికే తెలుసు. ఒకరు మట్టిలో ఉన్నారు. రెండోవాణ్ణి నేను. ఆ రోజు కూడా నవ్వి ఊరుకుంటే, దావీదు మామ తప్పేమీ లేదన్న సంగతి నాతోనే పోతుందని, అత్త ఆయన్ని చేతకానివాడనుకుంటూనే కన్నుమూస్తుందని ఆ దుకాణంలో మొదటిసారి నాకు భయం వేసింది.

అప్పట్లో మేమంతా రైల్వే క్వార్టర్‌లో ఉండేవాళ్ళం. నాన్న లోకోషెడ్‌లో ఫిట్టర్. ఇంకా బొగ్గు ఇంజన్ల కాలం. అమ్మ పొద్దున ఆరేసిన తెల్ల బట్టలు సాయంత్రానికి బూడిదరంగుకు వచ్చేవి. ఇంట్లో ఏ మూల నిలబడ్డా బొగ్గు వాసన, కందెన వాసన, వాటి మీద అమ్మ వేసిన తాలింపు వాసన. వరండాలో కరుణత్త కుట్టుమిషను. కాలనీలో సగంమంది ఆడవాళ్ళ జాకెట్లు ఆ మిషను మీద నుంచి వెళ్ళినవే. అత్తకు ముప్ఫై వచ్చినా పెళ్ళి కాలేదు. వచ్చిన సంబంధాలన్నిటికీ వంక పెట్టేది. నాయనమ్మ ఆకు, పొగాకు దవడకు పెట్టుకుని మిషను పక్కనే పీట వేసుకుని కూర్చునేది. అన్నం ముందు ప్రార్థన ఆమెదే. ఆ పూట డ్యూటీలో ఉన్న డ్రైవర్లు, ఫైర్‌మన్లు అందరినీ పేరుపేరునా దేవుడికి అప్పగించి, చివర "మా కరుణకు ఒక మొగోన్ని చూపియ్యి తండ్రీ" అని గొంతు పెంచేది. దేవుడికి వినబడిందో లేదో గాని పక్క క్వార్టర్లకు వినబడేది. ఈలోగా పప్పు చల్లారిపోయేది.

దావీదు గారు గూడ్సు గార్డు. పర్వతగిరి వైపు మనిషి. పొడుగ్గా, ఏ పనికీ తొందరపడకుండా ఉండేవాడు. గార్డులకు తెల్లకోటు, దానికి ఇత్తడి బొత్తాలు. ఆయన కోటుకు బొత్తాలు నిలిచేవి కావు. వారానికొకటి ఊడేది. ఊడినదాన్ని పోగొట్టుకోకుండా జేబులో భద్రంగా పెట్టుకుని మా వరండా మెట్ల దగ్గర నిలబడేవాడు. "ఈ పిలగాని బొత్తాలకు ఏం రోగమొచ్చిందో," అనేది నాయనమ్మ పొగాకు ఉమ్మి. అత్త తల ఎత్తకుండా, "దారం నాసిరకమేమో," అనేది. దారం ఆమెదే. ఇంటిల్లిపాదికీ విషయం తెలుసు. తెలియనట్టుండడం మా ఇంటి మర్యాద.

ఒకసారి అత్త రైల్వే దవాఖానలో డాక్టరు గది ముందు చేపల తొట్టి చూసి వచ్చి, దాని గురించి మూడు రోజులు మాట్లాడింది. ఆ మాట బొత్తం కోసం వచ్చిన మనిషి చెవిన పడింది. రైల్వేవాళ్ళకు ఒక సదుపాయం ఉండేది. ఏ ఊరి వస్తువు కావాలన్నా బండ్ల మీద చేతులు మారుతూ వచ్చేది. నూజివీడు మామిడి, నాగపూర్ నారింజ, మద్రాసు కాఫీపొడి అన్నీ అట్లా వచ్చినవే. అలాగే మద్రాసులో ఒక గార్డు చేతికిచ్చిన సీసా బెజవాడలో ఇంకొకరి చేతికొచ్చి, అక్కడి నుంచి గూడ్సు చివర దావీదు గారు కూర్చునే బ్రేకువ్యానులో కొక్కేనికి వేలాడుతూ కాజీపేట చేరింది. మూతకు చిల్లులు పొడిచిన హార్లిక్స్ సీసాలో, వెండిరేకు మీద మూడు నల్లగీతలు గీసినట్టుండే ఏంజెల్ చేప. రెక్కలు పైకీ కిందికీ పవిట కొంగుల్లా జారుతున్నాయి. ఆ రోజు ఆయన కోటుకు బొత్తాలన్నీ ఉన్నాయి. కనుక ఏమని వచ్చాడో చెప్పలేక, సీసా మిషను మీద పెట్టి, "డోర్నకల్‌ల నీళ్ళు మార్చిన," అని వెళ్ళిపోయాడు.

నాన్న ఇనుప యాంగిల్ ముక్కలు వెల్డింగ్ చేయించి, పుట్టీ పెట్టి అద్దాలు బిగించి తొట్టి చేశాడు. ఆ చేప నడక చూసి నాయనమ్మే దానికి దొరసాని అని పేరు పెట్టింది. పేరు పెట్టిన నోటితోనే ప్రతి సాయంత్రం తొట్టి ముందు నిలబడి, "పులుసుకు ఒక్కలకన్న సరిపోతదా ఇది?" అనేది. గాలి పంపే యంత్రాలు మాకెక్కడివి? పొద్దునా సాయంత్రం చెంబుతో నీళ్ళు ముంచి, ఎత్తు నుంచి ధారగా తొట్టిలో పోయాలి. ఆ పని పదకొండేళ్ళ నాది. నీళ్ళ గాబులో దోమపిల్లలను గుడ్డతో వడకట్టి తెచ్చి వేయడమూ నాదే. ఇంత చాకిరీ చేస్తే దొరసాని ఏం చేసేది? తొట్టి మధ్యలో నిలబడి, అత్త కుట్టే జాకెట్ల వంక చూసేది. నాకు ఒళ్ళు మండేది. చేప అంటే ఉరకాలి, ఎగరాలి, కొట్లాడాలి.

దావీదు గారిని గేటు దగ్గర పట్టుకుని, "సార్, నాకు ఉరికే చేపలు తెచ్చియ్యరా?" అని అడిగాను. కాదనలేదు. పదిహేను రోజులకు ఇంకో సీసా వచ్చింది. అందులో ఆరు పులిచారల చేపలు. సీసాలోనే ఒకదాని వెంట ఒకటి పరుగు. ఆయన గేటు దగ్గరే గొంతుక్కూర్చుని నా ఎత్తుకు వచ్చి చెప్పాడు. ఆ మాటలు ఇప్పటికీ పొల్లు పోకుండా గుర్తున్నాయి. "ఇను శామూ. ఇవి ఆరు. ఆరింటిని ఇడదియ్యకు. గుంపుల ఉంటే ఒకదాన్నొకటి ఆటపట్టించుకుంట వాటి తిప్పల అవి పడ్తయి. ఒకటో రెండో ఉన్నయనుకో, పక్కోని మీద పడ్తయి. దొరసాని రెక్కలు పొడుగు, నడక నిదానం. దాని తొట్టిల అస్సలు ఎయ్యద్దు. మీ నాయనకు చెప్పి ఇంకో తొట్టి చేపిస్త. అప్పటిదాక గంగాళంల ఉంచు. అయితదా?" అన్నాడు. "అయితది సార్," అన్నాను.

కాలేదు. మా వెనక లైనులో ఒక జతగాడి దగ్గర పతంగుల మాంజా చుట్టిన చరఖా ఉండేది. ఆ చరఖా కోసం నాలుగు చేపలు వాడికిచ్చేశాను. రెండు మిగిలాయి. రెండంటే జత కదా అనుకున్నాను. మా ఇళ్ళలో పావురాలైనా, చెప్పులైనా, ఎడ్లైనా జతగా ఉంటే చాలు, లోటు లేనట్టే లెక్క. ఆ రెండూ గంగాళంలో కనబడవు. ఎవరికీ కనబడని చేపలుంటే నాకేం గొప్ప? ఒక మధ్యాహ్నం అత్త బట్టలివ్వడానికి వెళ్ళినప్పుడు వాటిని దొరసాని తొట్టిలో వదిలాను. ఇంటికి రౌనక్, ఓ కళ వచ్చింది. అవి ఉరుకుతుంటే నేను చప్పట్లు కొట్టాను. ఎక్కడివని అత్త అడిగితే, గార్డు సారు తెచ్చాడన్నాను. మొదటి రోజే అవి వెనక నుంచి వచ్చి దొరసాని కొంగులు కొరకడం చూశాను. ఆట అనుకున్నాను. రెండో రోజు ఆట కాదని తెలిసింది. అయినా తీయలేదు. తీస్తే, వేసింది నేనేనని ఒప్పుకోవాలి.

వారానికి దొరసాని రెక్కలు ఎలుక కొట్టిన గుడ్డలా అయ్యాయి. ఓ మూలకు తల పెట్టి నిలబడేది. అత్త రోగమనుకుని ఉప్పునీళ్ళలో పెట్టి చూసింది, పసుపు కలిపి చూసింది. ఒక పొద్దున అది నీళ్ళ మీద పక్కకు ఒరిగి ఉంది, ఆ రెండూ దాని రెక్కలు ఇంకా కొరుకుతున్నాయి. అత్త ఏడవడం నేను అంతకుముందు చూడలేదు. మిషను మీద తల ఆనించి ఏడ్చింది. "ఆ కంత్రి చేపలను ఈ తొట్టిల ఎవ్వలేసిన్రు?" అని అడిగినప్పుడు నా నోటి నుంచి వచ్చిన మాట ఇది: "గార్డు సారే రెండు తెచ్చి, దొరసానికి తోడుంటయి, ఏయమన్నడత్తా."

ఆ సాయంత్రమే ఆయన వచ్చాడు, చేతిలో బొత్తంతో. అత్త మెట్ల మీదే నిలబెట్టి కడిగేసింది. "తెల్వకపోతే తెల్వదని ఉండాలె! ఆ రెండు దయ్యాలను తెచ్చి నా చేప మీద ఇడిపిస్తరా?" అంది. రెండు అన్న మాట విని ఆయన నా వైపు చూశాడు. నేను తలుపు రెక్క వెనక సగం ముఖంతో ఉన్నాను. ఆ చూపులో కోపం లేదు. ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టుకుంటున్నవాడిలా చూశాడంతే. తరువాత అత్తతో, "తప్పయింది," అన్నాడు. బొత్తం జేబులో వేసుకుని వెళ్ళిపోయాడు.

రెండు నెలలు ఆయన కోటుకు పిన్నీసు పెట్టుకుని తిరిగాడు. బండి కదులుతుంటే బ్రేకువ్యాను నుంచి జెండా ఊపుతున్న గార్డు ఛాతీ మీద పిన్నీసు తళుక్కున మెరిసేది. స్టేషనంతా చూసింది. పట్టాలు మార్చే పాయింట్స్‌మన్లు పాట కట్టారు. అత్త మిషను మాత్రం ముందుకన్నా గట్టిగా, ఎవరి మీదో పగ తీర్చుకుంటున్నట్టు నడిచేది. ఆ పెళ్ళి తప్పిపోతుందని నాకు రోజూ భయమే. రోజూ చెబుదామనుకోవడం, రోజూ పతంగి తీసుకుని బయటికి ఉరకడం. చివరకు నాయనమ్మే తేల్చింది. ప్రార్థన మధ్యలో ఆగి, కళ్ళు తెరవకుండానే, "ఇగో కరుణా, నేను నిన్ను ఇచ్చేది పిలగానికి. ఆయన తెచ్చిన చేపలకు కాదు," అంది. ఆ నెలలోనే నాన్న వెళ్ళి మాట్లాడి వచ్చాడు.

పెళ్ళి అయింది గాని చేపలు పోలేదు. టమాటాలు మెత్తవి తెచ్చినా, చుట్టాల ఇంటికి దారి తప్పినా అత్త నోట అదే మాట: "చేపల జోడే తెల్వనోనికి ఇదేం తెలుస్తది?" కాలనీలో, గుడిలో, చుట్టాల్లో ఎక్కడ సంబంధం మాట వచ్చినా, ఎవరు ఎవరితో పొసగుతారన్న చర్చ నడిచినా మామకు నోరు లేకుండా పోయింది. ఆయన గొంతు సవరించుకోగానే అందరూ నవ్వేవాళ్ళు. పైగదులు అద్దెకిచ్చేటప్పుడు, "ఆ ఇద్దరన్నదమ్ములకు ఇయ్యకు కరుణా, వాళ్ళిద్దరే ఉంటే ఊకె పక్కోళ్ళ మీద పడ్తరు," అన్నాడట. అత్త వినలేదు. వాళ్ళు తొమ్మిదేళ్ళు ఖాళీ చేయలేదు. నీళ్ళ మోటారు దగ్గర కొట్లాడని రోజు లేదు. మా అందరిలో జోడు కుదర్చడం తెలిసిన మనిషి ఆయనొక్కడే. ఆయన్ని మాత్రం ఎవరూ అడగలేదు. అందరితో పాటు నేనూ నవ్వాను. ఆదివారం గుడిలో పాపపు ఒప్పుకోలు చదివేటప్పుడు ఎన్నోసార్లు ఆ చేపలు కళ్ళ ముందు ఈదాయి. పెదవులు కదిలించి కూర్చునేవాణ్ణి.

ఒక్కసారి చెప్పబోయాను. ఆయన రిటైరైన రోజు, ప్లాట్‌ఫారం మీద బెంచీ, ఆయన మెడలో బంతిపూల దండ. "మామా, ఆ చేపల సంగతి అత్తకు ఇయ్యాల చెప్పేస్త," అన్నాను. ఆయన దండ తీసి ఒళ్ళో పెట్టుకుని, "ఎందుకురా? ఆమె మంచిగనే తిడుతాంది గద," అన్నాడు. దాన్ని నేను క్షమించినట్టే జమ కట్టుకున్నాను. ఆయన క్షమించాడో లేదో నాకు తెలియదు. నాకు అక్కరకొచ్చింది కనుక అట్లా అనుకున్నాను.

దుకాణంలో అమ్మాయి నవ్వు ఆపి, అత్తను అడిగింది. "తాతయ్య ఎన్ని తెచ్చిండు అమ్మమ్మా?"

"చెప్పిన గద, రెండు."

"గందుకే మరి. టైగర్ బార్బ్‌లు రెండు తెస్తే గట్లనే చేస్తయి. తక్కువల తక్కువ ఆరు ఉండాలె. ఫాస్ట్‌గ తిరిగే చేపలకు ఫాస్ట్‌గ తిరిగేటియే జోడు. జీబ్రా డానియోలు, రోజీ బార్బ్‌లు గిసొంటియి. రెక్కలు పొడుగున్న ఏంజెల్స్, బెట్టాలను వీటితోని కలపద్దు. ఫోన్ల కొడితే అన్నీ వస్తయి అమ్మమ్మా."

"ఆ కాలంల ఫోన్లేడియి? అయినా నేను చెప్పేది అదే. ఆయనకు తెల్వదు," అంది అత్త.

నిజమే, ఇప్పుడు అన్నీ ఫోనులో వస్తున్నాయి. ఏ చేపకు ఎంత నీరు, ఎంత వేడి, ఎవరు పక్కనుండాలి, అన్నీ. అప్పుడు ఒక్క మనిషి మద్రాసు దుకాణదారుణ్ణి గార్డుల నోటి మీదుగా అడిగించి, ఆ జవాబు తెచ్చి గేటు దగ్గర గొంతుక్కూర్చుని నాకు చెప్పాడు. తెలియక జరిగిన తప్పు కాదది. ఇవాళ్టి పిల్లలకు నేను చెప్పగలిగింది కూడా ఏమీ లేదు. తెలుసుకోవడం సులువైంది గాని, ఒప్పుకోవడానికి ఇంకా ఏ యంత్రమూ రాలేదు.

"ఆరు తెచ్చిండత్తా," అన్నాను.

అత్త నా వైపు తిరగలేదు. తొట్టినే చూస్తోంది. నేను ఆపకుండా చెప్పాను. గేటు, గంగాళం, చరఖా, వద్దన్న మాట, తలుపు వెనక నేను. ఆ అమ్మాయి చెవిలోంచి ఇయర్‌ఫోను తీసేసింది. అంతా అయ్యాక అత్త నిదానంగా, "ఆరు ఇయ్యి బిడ్డా. గవ్వే. ఇంకేం వద్దు," అంది.

ఆటోలో కొత్త తొట్టి మా కాళ్ళ దగ్గర ఉంచి, అత్త చేపల కవరు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఫాతిమానగర్ దాటాక అడిగింది.

"మల్ల ఆ నాలుగు ఏం జేసినవ్?"

"చెప్పిన గదత్తా. మాంజాకు ఇచ్చిన."

"మాంజాకు!" అని చేతిలో ఉన్న పర్సుతో నా భుజం మీద కొట్టింది. ఎనభై ఏళ్ళ చేయి అనుకున్నాను గాని, కుట్టుమిషను తిప్పిన చేయి. "నువ్వు ముసలోనివైనవ్ గని సిగ్గు రాలేదురా! నా మొగన్ని నేను ఎన్నిమాట్లన్న! పైగదులోళ్ళ కాడ గూడ అంటి. గాయన చెప్పిందే నిజమాయె గదరా." డ్రైవరు అద్దంలోంచి చూసి, "ఏమైందమ్మా, ఆపమంటరా?" అన్నాడు. "నువ్వు నడుపు. ఈన్ని ఇంకా కొట్టేదుంది," అంది. రెండోసారి కొట్టలేదు. కవరులో చేపల వంక చూస్తూ కళ్ళు తుడుచుకుంది. ఇల్లు వచ్చాక చేపలను కొత్త తొట్టిలో వదిలే ఏర్పాటు చేస్తుంటే, "అవి కవర్ల కాసేపు ఆగుతయి గని, నువ్వు నడువు. నాకు చెప్తే ఏం లాభం? చెప్పేకాడ చెప్పు," అంది.

మా సమాధుల తోట స్టేషనుకు దగ్గర్లోనే. మామ సమాధి మీద రాయి ఇంకా కొత్తగా ఉంది. చుట్టూ గడ్డి మొలుస్తోంది. నేను చెప్పులు విడిచి నిలబడ్డాను. "మామా, తప్పయింది," అన్నాను. అనగానే, అది ఆయన మా మెట్ల మీద అన్న మాటేనని గుర్తొచ్చింది.

అత్త నా పక్కన వంగి, రాయి మీద దుమ్ము కొంగుతో తుడిచింది. తుడుస్తూ తుడుస్తూ చేయి ఆపింది.

"అయితే మీకు అంతా ఎరుకే అన్నట్టు," అంది రాయితో. గొంతు చిన్నగానే మొదలైంది. "పెండ్లాం ఇన్నేండ్లు తిడుతాంటె, నిజం కడుపుల పెట్టుకోని కూసున్నరు. ఒక్కనాడు నోరు ఇడవకపోతిరి. పక్కల పండుకున్న మనిషికి చెప్పరా? నేనేమన్న పరాయిదాన్నా? వాడు పోరడు, భయపడె. మీకేమైంది?" గొంతు లేస్తోంది. ఆరు నెలల్లో అత్త గొంతు అంత లేవగా నేను వినలేదు.

ఈసారైనా ఆయన పక్షాన నిలబడాలనుకున్నాను. "అత్తా, మామది ఏం తప్పు లేదు. తప్పంతా నాదే," అన్నాను.

"నువ్వు జర పక్కకు పో," అంది, నా వైపు చూడకుండానే. "మా ఇద్దరి నడుమ నువ్వెందుకు?"

నేను చెప్పులేసుకుని గేటు దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. బెజవాడ వైపు ఒక గూడ్సు పోతోంది. బండి దాటిపోయాక కూడా అత్త మాట్లాడుతూనే ఉంది.